బావికాడ పన్నెండు, పిలాతు ముందర ఆరు



మా కంబదూరు దగ్గర ఒక ప్రార్థన కూటంలో డిగ్రీ చదివే పిల్లోడు లేచినాడు. "మార్కు లెక్కన యేసును సిలువ వేసింది పొద్దున తొమ్మిదికి. యోహాను లెక్కన ఆరో గంటకు, అంటే పన్నెండుకు, ఆయన ఇంకా పిలాతు ముందరే ఉన్నాడు. ఏది నిజం?"

పెద్దాయన తెలుగు బైబిలు తెరిచి, "యోహానులో ఉదయం ఆరు గంటలనే ఉంది కదరా. తేడా యాడుంది? కుచ్చో" అన్నాడు. పిల్లోడు కూర్చున్నాడు.

ఇంటికొచ్చి చూసినాను. అదే యోహానులో సమరయ స్త్రీ బావికి వచ్చిన చోట కూడా గ్రీకులో ఉన్నది 'ఆరో గంట'నే. అక్కడ మన తెలుగు బైబిలు పన్నెండు గంటలని రాసింది. రాసినాయన ఒకడే, మాట ఒకటే. బావికాడ పన్నెండయింది, పిలాతు ముందర ఆరయింది. మార్కుతో తగువు తీర్చడానికి తప్ప ఇట్లా మార్చడానికి నాకు ఇంకో కారణం కనపడదు.

బావికాడి పన్నెండు ఎంత నిజమో మా అవ్వకు తెలుసు. ఊరోళ్లు చేదుకొని పోయిందాకా కాచుకుని, మిట్టమధ్యాన్నం ఎండలో కడవ ఎత్తుకున్న మనిషి ఆమె.

తేడా గంటల్లోనే కాదు, రోజులోనూ ఉంది. మార్కు, మత్తయి, లూకాల్లో చివరి భోజనం పస్కా భోజనమే. యోహానులో పస్కాకు ముందే, గొర్రెపిల్లలను కోసే రోజునే యేసును చంపినారు. యేసే ఆ గొర్రెపిల్ల అని చెప్పడం యోహానుకు ముఖ్యం. సువార్తలు కోర్టు వాంగ్మూలాలు కావు, దశాబ్దాల తర్వాత రాసుకున్న సాక్ష్యాలు.

అయితే సిలువే అబద్ధమా? కాదు. పిలాతు చేతిలో ఆయనకు మరణశిక్ష పడిందని క్రైస్తవుడు కాని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ కూడా రాసినాడు. గంట తేలకపోతే చావు జరగలేదనడం ఎట్లా ఉంటుందో మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపినారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు వాళ్లను వదిలేసింది. ఎప్పుడు చనిపోయినారో, ఎక్కడ చంపినారో, ఎవరు చంపినారో రుజువు కాలేదంది. గంట తేలలేదు. శవాలు మాత్రం ఎనిమిది.

అందుకని తేడాలు దాచమని నేననను. అంబేద్కర్ 'రిడిల్స్ ఇన్ హిందూయిజం' చేతబట్టి రాముణ్ణి, కృష్ణుణ్ణి ప్రశ్నించే మనం, మన సంకలోని బైబిలును ప్రశ్నించేవాణ్ణి కుచ్చో అంటే ఎట్లా? బడి గడప తొక్కనీని జాతికి చదువు ఇచ్చిన పుస్తకమని దాని మీద మనకు ప్రేమ ఉంది. ఆ చదువుతోనే ఆ పిల్లోడు అడిగినాడు.

తమ్ముడూ, మళ్లీ లెయ్. ఈసారి నీ పక్కన నేనూ నిలబడతా.

మిగతాది వచ్చే భాగంలో.