విశ్వకర్మ పూజ, ఆరని కొలిమి

భిలాయి ఉక్కు నగరాన్ని ఆనుకుని ఉన్న జాముల్ పారిశ్రామిక వాడలో ఏటా సెప్టెంబరు 17న లేత్ యంత్రాలను ఆపి, కడిగి, బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి, యజమానులూ కూలీలూ ఒకే పందిట్లో విశ్వకర్మకు హారతి ఇస్తారు. దేవశిల్పి జయంతిగా పిలిచే ఈ తేదీ నిజానికి కన్యా సంక్రమణం, అంటే నిరయన గణితం ప్రకారం సూర్యుడు కన్యారాశిలో అడుగుపెట్టే రోజు; తిథుల పండుగల్లా మారకుండా ఇది ఇంచుమించు ఒకే తేదీన రావడానికి కారణం అదే. ఋగ్వేదం పదో మండలంలోని 81, 82 సూక్తాల విశ్వకర్మ జగత్తును నిర్మించిన సృష్టికర్త కాగా, పనితనానికి పేరుపడిన దేవత అక్కడ త్వష్ట, పనిముట్లకు అధిదేవతగా విశ్వకర్మ స్థిరపడింది తరవాతి కాలంలోనే.

పూజ యంత్రాన్ని కాపాడుతుందన్న నమ్మకాన్ని నమ్మేవారే ఎంతవరకు పాటిస్తారో ఉక్కు కర్మాగారంలో చూడవచ్చు. ఇనుప ఖనిజాన్ని కోక్‌తో కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్‌ను ఏ దేవుడి పేరు చెప్పీ చల్లారనివ్వరు. చల్లారితే లోపలి ఇనుము గడ్డకడుతుందనీ, వేడిని తట్టే ఇటుకల పొర బీటలు వారుతుందనీ అందరికీ తెలుసు. ఏ యంత్రానికి సెలవో, దేనికి దండ ఒక్కటే చాలో తేల్చింది పురోహితుడు కాడు, లోహశాస్త్రం. ప్రమాదాల సంగతీ అంతే: 2014 జూన్ 12న భిలాయి ఉక్కు కర్మాగారంలో నీటి పంపుల వద్ద పీడనం పడిపోయి, రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ వెలువడి ఆరుగురు మరణించారు. లోపం నీటి సరఫరాలోనిదే గాని పూజలోనిది కాదు.

అయినా ఈ పూజ ఇప్పుడు వట్టి ఆచారంగా మిగల్లేదు. 1955లో ఏర్పడిన కార్మిక సంఘం భారతీయ మజ్దూర్ సంఘ్ మే 1ని కాదని ఈ రోజునే జాతీయ కార్మిక దినంగా పాటిస్తోంది. 2023లో కేంద్రం చేతివృత్తులవారి కోసం పీఎం విశ్వకర్మ పథకాన్ని ప్రారంభించిందీ ఇదే తేదీన. మే దినం 1886లో షికాగో కార్మికులు ఎనిమిది గంటల పనిదినం కోసం చేసిన పోరాటం నుంచి వచ్చింది, కనుక అందులో యజమానిని ఉద్దేశించిన డిమాండు ఉంది. విశ్వకర్మ జయంతిలో అటువంటిదేమీ లేదు, ఇద్దరూ కలిసి ప్రసాదం తింటే సరిపోతుంది. మే దినం విదేశీది, స్వదేశీ దినమే కావాలి అంటే భిలాయికి అటువంటిది లేకపోలేదు: అదే హారతి పట్టిన వారిలో కొందరు పదకొండు రోజులు గడిచాక, 1991 సెప్టెంబరు 28న హత్యకు గురైన కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగి వర్ధంతికి ఎరుపు, ఆకుపచ్చ జెండా పట్టుకుని కనీస వేతనం అడుగుతారు, అక్కడికి యజమానులు మాత్రం రారు.