అద్దాల బోగీలో కూర్చున్న ఆదివాసీ

టూరిజంలో పీజీ అంటే చాలు, మా ఊళ్ళో అందరిదీ ఒకటే ప్రశ్న: "రిసార్టులో ఉద్యోగమా?" ఏమో, అదీ రావచ్చు. కానీ ఉద్యోగం కంటే ముందు ఆ చదువు నా ప్రయాణాలను చెడగొట్టింది. మన పిల్లలు ఇంకొంతమందికి కూడా ఇలా చెడితే బావుంటుందని నా కోరిక.

1990లో జాన్ ఉర్రీ అనే బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త 'ద టూరిస్ట్ గేజ్' అని ఒక పుస్తకం రాశాడు. పర్యాటకుడి చూపు అనుకోండి. టూరిస్టు ఏం చూడాలో ఇంటి దగ్గరే నేర్చుకుని బయల్దేరతాడు అంటాడాయన. సినిమాలు, పోస్టర్లు నేర్పుతాయి, ఇప్పుడైతే రీల్స్. వచ్చాక దాన్ని సరిచూసుకుని ఫొటో తీసుకుని పోతాడు.

అది చదివి విశాఖలో అరకు రైలెక్కండి. 2017 నుంచి దానికి అద్దాల బోగీ ఉంది. సొరంగం వస్తే కేకలు, లోయ వస్తే ఫోన్లు. బొర్రా గుహలు, ధింసా, బొంగు చికెన్, కాఫీ. జాబితా ముందే తయారు. ఆ లైను 1960లలో బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కు పంపడానికి వేసిందని అద్దంలోంచి కనపడదు. ఆ బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద కొట్లాడితేనే 1997లో సమతా తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు మైనింగ్ లీజుకు ఇవ్వకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సంగతి చెప్పే గైడు నాకైతే ఇంతవరకు తగల్లేదు.

ఇంకొకాయన డీన్ మెక్కానెల్, అమెరికన్. 1976లో 'ద టూరిస్ట్' రాశాడు. నాటకానికి స్టేజీ, తెర వెనుక ఉన్నట్టే టూరిజానికీ ఉంటాయంటాడు. టూరిస్టుకు తెర వెనుక 'అసలు' జీవితం కావాలి. అందుకని అమ్మేవాళ్ళు తెర వెనుకను కూడా ఒక స్టేజీగా కట్టి చూపిస్తారు. ఇది చదివిన పట్నం మేధావులు రిసార్టులో మన అక్కలు ఆడే ధింసాను చూసి "అంతా నకిలీ" అని పెదవి విరుస్తారు. నేను ఒప్పుకోను. రిసార్టులో అరగంట ఆడి కూలి తీసుకోవడం ఒక పని. పండగ రాత్రి తుడుము మోగుతుంటే కాళ్ళు నొప్పెట్టేదాకా ఆడేది వేరే. ఆ స్టేజీ ఉండబట్టే రెండోది మన చేతుల్లో మిగిలింది. తెర లేకపోతే ఏమవుతుందో అండమాన్‌లో చూశాం కదా. జరావా ఆడవాళ్ళను టూరిస్టుల ముందు ఆడించిన వీడియో 2012లో బయటపడి దేశం తలదించుకుంది.

నేను వేరే రాష్ట్రాలకు వెళ్ళినప్పుడు కూడా ఇది వదలదు. హోటల్లో జానపద నృత్యం పెడితే పక్కవాళ్ళు ఫోను ఎత్తుతారు, నాకేమో "అక్కా, రాత్రికి ఎంతిస్తారు?" అని అడగాలనిపిస్తుంది. అడిగాను కూడా. సరదా పోతుంది, నిజమే. బదులుగా ఒక మనిషి పరిచయమవుతుంది.

అయితే ఈ పుస్తకాలకూ ఒక లోటుంది. చూపు గురించి ఎంతో చెప్తాయి గానీ కాళ్ళ కింద నేల ఎవరిదని నేను చదివిన పేజీల్లో గట్టిగా అడగలేదు. మన దగ్గర 1/70 చట్టం ఉండగానే కాగితం మీద మనవాడి పేరు, వెనక మైదానం వాళ్ళ డబ్బుతో కాటేజీలు ఎలా లేస్తాయో మీకు నేను చెప్పక్కర్లేదు. 1996 పెసా చట్టం గ్రామసభకు బలం ఇచ్చింది. టూరిజం చదివిన మన పిల్లలు ఆ సభలో కూర్చుని లెక్కలు అడగాలి: టికెట్టు డబ్బులో ఊరికెంత, ఆడినవాళ్ళకెంత, ఏ గుడి దగ్గరికి, ఏ పండక్కి కెమెరా రాకూడదు?

ఇటుకల పండగప్పుడు మన ఆడవాళ్ళు రోడ్డుకు కర్ర అడ్డం పెట్టి బండ్లు ఆపుతారు. డబ్బులిస్తేగానీ కదలనివ్వరు. కారాయన అద్దం దించి "ఏంటీ గోల" అని విసుక్కుంటాడు. వ్యూ పాయింట్ దగ్గర పార్కింగ్ రసీదు తీసుకునేటప్పుడు మాత్రం ఒక్క మాటనడు.