ఊరు దాటితే ఓడతారట!

"మీ మారినర్స్ ఇంట్లో పులి, వీధిలో పిల్లి. ఊరు దాటితే చాలు, గుండె జారిపోతుంది వాళ్ళకి." సియాటిల్ చుట్టుపక్కల ఈ చలికాలం ఏ తెలుగువాళ్ళింటికి భోజనానికి వెళ్ళినా, పెరుగన్నం దాకా వచ్చేసరికి ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండటం లేదు. కారెక్కి రేడియో పెడితే అక్కడా ఇదే పాట. ఫోన్ చేసిన ప్రతి పెద్దమనిషీ మనస్తత్వ నిపుణుడే. "ఆకలి లేదండీ కుర్రాళ్ళకి, పరాయి జనం అరిస్తే బెదిరిపోతారు" అంటాడొకడు. అవునవునంటాడు రేడియోవాడు.

సియాటిల్ బేస్‌బాల్ జట్టు మారినర్స్‌కి ఏడాదికి 162 ఆటలు. అందులో 81 పరాయి ఊళ్ళలో. అదే మనిషి గుండె సియాటిల్లో బ్రహ్మాండంగా కొట్టుకుని, విమానం దిగగానే ఆగిపోతుందని తేల్చేశారు ఈ వైద్యులు. వీళ్ళకి లెక్కలు రావు. వచ్చినా చూడరు. నేను చెబుతాను.

2025లో మారినర్స్ సొంతూళ్ళో 51 గెలిచి 30 ఓడారు. బయట 39 గెలిచి 42 ఓడారు. "చూశావా, పన్నెండు ఆటల తేడా!" అంటారు. చూశాను. అదే ఏడాది టొరంటో బ్లూ జేస్ సొంతూళ్ళో 54 గెలిచారు, బయట 40 గెలిచి 41 ఓడారు. తేడా పద్నాలుగు. అమెరికన్ లీగ్ గెలిచి వరల్డ్ సిరీస్‌కి వెళ్ళింది ఆ జట్టే. వాళ్ళ గుండె గురించి ఒక్కరూ నోరెత్తరేం? ఏళ్ళ తరబడి బేస్‌బాల్‌లో నూటికి 53, 54 ఆటలు ఇంటి జట్టే గెలుస్తోంది. అంటే సగటు జట్టు 81 బయటి ఆటల్లో ఏ 37, 38 గెలుస్తుంది. మావాళ్ళు 39 గెలిచారు. సగటుకి పైన ఉన్నవాళ్ళని పట్టుకుని పిల్లులనడానికి నోరెలా వచ్చిందో!

ఇంతకీ ఈ విమర్శకులు అమెరికా పటం ఎప్పుడైనా చూశారా అని నా అనుమానం. సియాటిల్ వాయవ్య మూలన ఒంటరిగా పడి ఉంది. దగ్గర్లో ఉన్న ప్రత్యర్థి అంటే కాలిఫోర్నియాకి పోవాలి. మొన్నటిదాకా ఓక్లాండ్, ఇప్పుడు శాక్రమెంటో, ఏది చూసినా అయిదారు వందల మైళ్ళ పైమాటే. ఒకే డివిజన్ అని చెప్పి మాతో కట్టిపడేసిన హ్యూస్టన్, ఆర్లింగ్టన్ రెండూ టెక్సస్‌లో, రెండు గంటల కాలం తేడాలో ఉన్నాయి. హ్యూస్టన్‌కి విమానంలో దాదాపు 1900 మైళ్ళు. అటు చూడండి: షికాగో నుంచి మిల్వాకీకి 90 మైళ్ళు. న్యూయార్క్ నుంచి ఫిలడెల్ఫియాకి నూరు మైళ్ళు కూడా లేదు. వాళ్ళ ఆటగాళ్ళు ఆట ముగించుకుని రైలెక్కి సొంత మంచం మీద పడుకోవచ్చు. మావాళ్ళు మంచం మొహం చూసేది వారానికో, పదిరోజులకో. ఏటా విమానాల్లో అత్యధికంగా తిరిగే జట్ల వరసలో మారినర్స్ ముందే ఉంటారు. చాలా ఏళ్ళలో ఆ ప్రయాణం 40 వేల మైళ్ళు దాటుతుంది.

అందరూ వేలెత్తి చూపేది 2025 ఆగస్టు పర్యటనని. ఆగస్టు 12 నుంచి 20 దాకా బాల్టిమోర్, న్యూయార్క్, ఫిలడెల్ఫియా. తొమ్మిది రోజుల్లో తొమ్మిది ఆటలు, ఒక్క రోజు విరామం లేదు. రెండు గెలిచి ఏడు ఓడారు. ఫిలడెల్ఫియాలో మూడుకు మూడూ పోయాయి. ఇది చాలదన్నట్టు మధ్యలో ఆదివారంనాడు, లిటిల్ లీగ్ పిల్లల ముచ్చట కోసం, విలియమ్స్‌పోర్ట్ అనే పెన్సిల్వేనియా పట్నానికి వెళ్ళి అక్కడో ఆట. పిల్లల ముచ్చట మీద నాకు పేచీ లేదు. తొమ్మిది రోజుల్లో మూడు పెద్ద ఊళ్ళు తిరుగుతున్న జట్టుకే ఆ ముచ్చట తగిలించడం మీద ఉంది. ఈస్ట్ కోస్ట్‌లో రాత్రి ఏడింటికి మొదలయ్యే ఆట మా గడియారంలో సాయంత్రం నాలుగింటి ఆట. రెడ్‌మండ్‌లో మనవాళ్ళు ఆఫీసు మీటింగ్‌లో కెమెరా ఆపేసి, పక్క తెరమీద స్కోరు చూస్తూ, "మళ్ళీ పోయింది, గుండె లేదు" అని తీర్పిస్తారు. వీళ్ళే ఇండియా నుంచి తిరిగొచ్చాక వారంపాటు నిద్రమత్తులో జోగుతూ, "జెట్ లాగ్ అండీ, ఏమీ అనుకోకండి" అంటూ మూలుగుతారు. కూర్చుని తెర చూసే ఉద్యోగికి జెట్ లాగ్ ఉంటుంది. గంటకి 95 మైళ్ళ వేగంతో వచ్చే బంతిని కొట్టాల్సినవాడికి మాత్రం ఉండకూడదు!

ఇది నా ఊహ కూడా కాదు. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇరవై ఏళ్ళలో జరిగిన నలభై వేలకు పైగా ఆటల్ని జల్లెడపట్టి 2017లో ఫలితాలు అచ్చువేశారు. తూర్పుకి ప్రయాణం చేసినవాళ్ళ మీద జెట్ లాగ్ దెబ్బ ఎక్కువగా కనిపించింది. పిచర్లు ఎక్కువ హోమ్ రన్‌లు ఇచ్చుకోవడం అందులో ఒకటి. సియాటిల్ నుంచి తూర్పుకి కాక ఎటు వెళ్తారు, పసిఫిక్ సముద్రంలోకా?

పిచర్ల మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. సియాటిల్ మైదానంలో సముద్రపు చల్లగాలికి బంతి దూరం పోదు. బేస్‌బాల్ మొత్తంలో బ్యాటర్లకి కష్టమైన చోట్లలో అదొకటి. అక్కడ గోడ దగ్గర చేతికి చిక్కే బంతి ఇంకో ఊళ్ళో గోడ దాటుతుంది. ఇంటి దగ్గర మా పిచర్ లూయిస్ కాస్టియో దేవుడు, బయట మామూలు మనిషి అని తిట్టేవాళ్ళు మైదానం మారిందన్న సంగతి మర్చిపోతారు. అంపైర్ల గోల ఎలాగూ ఉంది. ఇంటి జనం అరుపులకి అంపైర్లు మొగ్గుతారని మోస్కోవిట్జ్, వెర్ట్‌హైమ్ 2011లోనే పుస్తకంలో వాదించారు. అది వదిలేద్దాం.

అన్నిటికన్నా మంట పుట్టించేది మన క్రికెట్ బావగార్లు. "బావా, మన టీమిండియా కూడా ఒకప్పుడు ఇంతే, విదేశాల్లో కాళ్ళు వణికేవి" అని పోలిక తెస్తారు. అప్పుడు వణికింది కాళ్ళా? సొంత గడ్డమీద బంతి తిరిగే పిచ్, అక్కడ బంతి ఎగిరే పిచ్. ఆడే నేల వేరు! గుండె సంగతి మాట్లాడాలంటే 2021 జనవరిలో సిడ్నీలో మన హనుమ విహారిది మాట్లాడండి. తొడ కండరం పట్టేసి పరుగెత్తలేని మనిషి 161 బంతులు కాచుకుని 23 పరుగులతో నిలబడ్డాడు, మ్యాచ్ డ్రా అయింది. దండం పెడతాను. అది ఒక్క రోజు వీరత్వం. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా దాదాపు రోజూ ఆడే ఆటకి ఆ కొలబద్ద పెట్టి, మంగళవారం ఓడితే పిరికివాళ్ళు, బుధవారం గెలిస్తే వీరులు అనడం ఆటని అవమానించడమే.

సరే, గుండె సిద్ధాంతమే నిజమనుకుందాం. మరి 2025 అక్టోబరు ఏం చెప్పింది? డెట్రాయిట్‌తో పదిహేను ఇన్నింగ్స్‌లు, దాదాపు అయిదు గంటలు ఆడి శుక్రవారం రాత్రి గెలిచారు. ఆదివారానికల్లా అమెరికన్ లీగ్ ఫైనల్‌కి టొరంటోలో దిగారు. విమానం దిగగానే గుండె ఆగాలి కదా? మొదటి ఆట 3-1 గెలిచారు. రెండోది 10-3. పరాయి దేశంలో, పరాయి జనం మధ్యలో. తర్వాత ఇంటికొచ్చారు, 47 వేలమంది సొంత జనం ముందుకి. 13-4తో ఒకటి, 8-2తో ఇంకోటి ఓడారు. అయిదోది గెలిచారు కాబట్టి, ఆ రెంటిలో ఏ ఒక్కటి గెలిచినా టొరంటోకి తిరిగి వెళ్ళే పనే లేదు. ఫ్రాంచైజీ పుట్టిన 1977 నుంచి వరల్డ్ సిరీస్ మొహం చూడని ఏకైక జట్టు ఆ మచ్చ చెరిపేసుకునేది. ఇంటి దగ్గర చేజారిన కప్పుకి బయటి ఆటల్ని దోషి చేస్తారా?

ఇక అక్టోబరు 20, ఏడో ఆట. ఇక్కడే నా రక్తం ఉడుకుతుంది. ఏడో ఇన్నింగ్స్, 3-1 ఆధిక్యం, ఒక అవుట్, రెండు మూడు బేస్‌ల మీద టొరంటో మనుషులు, బ్యాట్ పట్టుకుని జార్జ్ స్ప్రింగర్. సీజన్ మొత్తం ఈ ఒక్క బంతిదగ్గరికి వచ్చి ఆగింది. జట్టులో మేటి రిలీవర్ ఆంద్రెస్ మున్యోజ్ బుల్‌పెన్‌లో ఉన్నాడు. పిలిచింది ఎడ్వర్డ్ బజార్డోని. మూడు పరుగుల హోమ్ రన్. 4-3, కథ ముగిసింది. బజార్డోకి గుండె లేదా? అడిగితే వచ్చాడు, విసిరాడు. నిర్ణయం డగౌట్‌లోది. చివరి ఇన్నింగ్స్ కోసం మేటి మనిషిని దాచుకోవడమనే పాత జబ్బు ఇది. దాచినవాణ్ణి వాడేలోగా ఆటే పోతుంది. దీనికి పరాయి ఊరుతో ఏం పని? సియాటిల్‌లో జరిగినా తప్పు తప్పే. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్ళని వదిలేసి ఆటగాళ్ళ ధైర్యం మీద పడటం మనకి అలవాటైపోయింది.

పరాయి ఊరంటే బెదురంటారా, 1994 గుర్తుందా? జులై 19న అప్పటి మా మైదానం కింగ్‌డోమ్ పైకప్పు పలకలు ఊడి సీట్లలో పడ్డాయి. మైదానం మూసేశారు. ఆగస్టులో ఆటగాళ్ళ సమ్మె మొదలయ్యేదాకా వరసగా 20 ఆటలు పరాయి ఊళ్ళలోనే ఆడారు. ఇల్లే లేని జట్టు, అయినా సమ్మె నాటికి డివిజన్‌లో మొదటి స్థానానికి రెండే ఆటలు వెనక. 2001లో 116 గెలిచినప్పుడు అందులో 59 బయట గెలిచినవే, ఇంట్లో 57. 2019 వరల్డ్ సిరీస్‌లో ఏడు ఆటలూ బయటి జట్టే గెలిచింది. 2025 సెప్టెంబరులో ఆస్ట్రోస్‌ని హ్యూస్టన్‌లోనే మూడుకు మూడూ ఓడించి డివిజన్ లాక్కున్నది ఏ పిల్లులు?

మరేం చెయ్యాలంటారా? పోర్ట్‌లాండ్‌కి ఒక జట్టివ్వండి, 175 మైళ్ళలో పొరుగువాడుంటాడు. 32 జట్లు చేస్తామని కమిషనర్ మ్యాన్‌ఫ్రెడ్ ఎన్నాళ్ళనుంచో అంటున్నాడు, ఆ పని ఇక్కణ్ణుంచి మొదలుపెట్టండి. అంతవరకు మూడు కాలమండలాలు దాటిన జట్టుకి ఒక్క రోజు ఊపిరి పీల్చుకోనివ్వండి. మిగతా వివరాలు జీతాలు తీసుకునేవాళ్ళు చూసుకుంటారు. తిట్టకుండా ఉండలేకపోతే షెడ్యూలు వేసినవాళ్ళని తిట్టండి, ఏడో ఇన్నింగ్స్‌లో మున్యోజ్ కోసం ఫోనెత్తనివాళ్ళని తిట్టండి. ఆ రెంటికీ మీకంటే గట్టిగా నేనే అరుస్తాను.