చేతి నరమా, మెడ నరమా?



జగ్గయ్యపేట దగ్గరి పల్లె నుండి ఒక తల్లి, కూతురు ఆమధ్య మా యింటికి వచ్చారు. "అయ్యగారూ, పెద్దోడికి రక్త క్యాన్సరు. చెల్లెలి మూలకణాలు సరిపోయినయ్ అన్నారు. ఇస్తానంటంది పిల్ల. కాని మెడలో గొట్టం పెట్టవలసి రావచ్చునని సంతకం అడిగారు. పెళ్లి కావలసిన పిల్ల గదా, మెడ మీద మచ్చ పడితే ఎట్లా?" అని ఆ తల్లి కళ్లు తుడుచుకున్నారు. అమ్మాయి తల వంచుకుని కూర్చుంది. మిరప కోతల నుండి వచ్చిన చేతులు.

మాకూ సరిగా తెలియని సంగతి. అందుచేత నందిగామలో బస్సెక్కి వారితోపాటు హైదరాబాదు వెళ్లి డాక్టరు గారినే అడిగాము.

మూలుగ అంటే తుంటి ఎముకలో సూది గుచ్చి తీయడమేనని మనవారి తలంపు. 1983లో ముంబై టాటా మెమోరియల్ ఆసుపత్రిలో మన దేశపు మొదటి మూలుగ మార్పిడి జరిగినప్పుడు, 1986లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో ఆరంభించినప్పుడు పద్ధతి అదే. ఇప్పుడు ఎక్కువ మందికి రక్తం నుండే తీస్తున్నారు. నాలుగైదు రోజులు ఇంజెక్షన్లు ఇస్తారు. ఎముకలు కాస్త నొప్పెడతాయి, మూలకణాలు రక్తంలోకి వస్తాయి. తరువాత ఒక నరం నుండి రక్తం మిషనులోకి వెళుతుంది. కావలసిన కణాలు మాత్రం అక్కడ ఆగి, మిగిలినది మరో నరం ద్వారా ఒంట్లోకి తిరిగి వస్తుంది. నాలుగైదు గంటల పని.

చిక్కంతా ఆ నరం దగ్గరే. మిషను ఆగకుండా రక్తాన్ని లాగుతుంది. సన్నని నరమైతే గోడలు అతుక్కుపోయి ధార ఆగిపోతుంది. సెలైను ఎక్కించే మామూలు సూది ఆ లాగుడుకు చాలదు, లావు సూది కావాలి. అది మోచేతి మడతలోని పెద్ద నరానికే సరిపోతుంది. కీమో కోసం చేతిలో పెట్టే పొడుగాటి సన్న గొట్టం కూడా సాధారణంగా దీనికి పనికిరాదట. అది మేము ఊహించనిది.

చేతి నరాలు చాలకపోతే మెడలోగాని గజ్జలోగాని రెండు దారులున్న గట్టి గొట్టం పెడతారు. "గజ్జలో అయితే మచ్చ కనబడదు గదా?" అని తల్లి అడిగారు. అక్కడ పెడితే కాలు మడవకుండా పడుకునే ఉండాలి, చీము పట్టే భయమూ ఎక్కువ అన్నారు డాక్టరు గారు. మెడలో పెడితే రక్తస్రావం, అరుదుగా ఊపిరితిత్తికి దెబ్బ తగిలే ప్రమాదం ఉన్నాయి. అల్ట్రాసౌండ్‌తో చూస్తూ పెడితే ఆ ప్రమాదం తగ్గుతుంది. పని కాగానే తీసేస్తారు, మిగిలేది చిన్న గుర్తు. ఈ ప్రమాదాల వల్లనే, ఆరోగ్యంగా ఉన్న దాతకు వీలైనంతవరకు చేతులతోనే కానిస్తారు. మచ్చ సంగతి ఆ తరువాతది.

నర్సమ్మగారు పట్టీ బిగించి రెండు చేతులూ తడిమి చూశారు. కుడి మోచేతిలో తాడులాంటి నరం. ఎడమది అంత లావు కాదు గాని, రక్తం తిరిగి ఎక్కించడానికి చాలు. తల్లి ముఖం తేటపడింది. అయితే కాగితం మీది ఆ మాటను డాక్టరు గారు కొట్టివేయలేదు. ఆ రోజు నరం మొరాయిస్తే ఇంజెక్షన్లు తీసుకున్న శ్రమంతా వృథా కాకూడదు గనుక, ముందే చెప్పి ఉంచుతారట.

అప్పుడు అమ్మాయి మొదటిసారి నోరు విప్పింది. "చెయ్యి కుదరకపోతే మెడకే పెట్టండి సార్. అన్న కంటేనా?" తల్లి మారు మాట్లాడక సంతకం పెట్టారు.

ఇటువంటి అవసరం వచ్చిన కుటుంబాలు ఇంజెక్షన్లు మొదలుకాక మునుపే నరాలు చూడమని అడగండి. అప్పటినుండి మోచేతి నరాలలో అనవసరపు సూదులు వద్దనండి. ముందురోజు నీళ్లు బాగా తాగాలి. రక్తం తీస్తుండగా పెదవులు తిమ్మిరెక్కితే వెంటనే చెప్పాలి, కాల్షియం ఇస్తారు.

నరాలు తేలడానికి రబ్బరు బంతి పిసుకుతూ ఉండమని నర్సమ్మగారు చెబితే ఆ అమ్మాయి నవ్వింది. "పొద్దస్తమానం మిరపకాయలు కోసే చేతికి బంతి దేనికమ్మా?"