మంచులో లారీ నిలుపుటకు అనుమతి

మార్గశిరము మొదలు మాఘమాసము వఱకు ఉత్తరదేశమునకు సరకు మోయు మన లారీలకు చలివలన కలుగు బాధ యొక యెత్తు, పొగమంచువలన కలుగు ప్రమాదము వేఱొక యెత్తు. మొదటిదానికి పనిముట్లతో నివారణ కలదు గాని, రెండవదానికి బండి నిలుపుట తప్ప నివారణ లేదు. ఈ మాటను సికింద్రాబాదులోని రెజిమెంటల్ బజారు, రాణిగంజు ప్రాంతముల వర్తకులకును లారీ యజమానులకును విన్నవింపదలచి వ్రాయుచున్నాను. ఏలయన, బండి యెప్పుడు నిలువవలెనో యెప్పుడు కదలవలెనో స్టీరింగు పట్టినవాడే నిర్ణయించునని లోకము తలచుచున్నది గాని, ఆ నిర్ణయము చాలవఱకు సరకు రసీదైన బిల్టీ వ్రాయు బల్లయొద్దనే జరిగిపోవుచున్నది.

కంటోన్మెంటు పటాలముల యవసరములకై వెలసి, ఆ పేరును నేటికిని నిలుపుకొన్న రెజిమెంటల్ బజారునకు చేరువనే రైల్వే స్టేషనును, మోండా మార్కెట్టును, కొంచెము దూరమున మోటారు విడిభాగములకు పేరొందిన రాణిగంజును గలవు. బోయిన్‌పల్లి, మేడ్చల్ మీదుగా ఉత్తరమునకు సాగు 44వ నంబరు జాతీయ రహదారి, పూర్వము 7వ నంబరుగా మన పెద్దలెఱిగినది, నిర్మల్, ఆదిలాబాదు దాటి, పెన్‌గంగ వంతెన గడచి, నాగపూరు, సివనీ, సాగర్, ఝాన్సీ, గ్వాలియరుల మీదుగా ఆగ్రా చేరి, అచ్చటినుండి శ్రీనగరము వఱకును పోవును. మన చలి యెంతటిదని చూచినచో, హైదరాబాదు వాతావరణ చరిత్రలో నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 1946 జనవరి 8వ తేదీనాటి 6.1 డిగ్రీలు. ఇట్టి నేలపై పుట్టి పెరిగి, ఇచ్చటనే లారీ నేర్చినవానికి గంగాయమునల మైదానపు శీతకాలము పరదేశమే.

ముందుగా బండి మాట. వేసవి తాపమునకు లోలోపల క్షీణించిన బ్యాటరీ చలి సోకిననాడు గాని తన బలహీనతను బయటపెట్టదు. తెల్లవాఱుజామున డాబా ముంగిట సెల్ఫ్ తీసికొనక మొరాయించు బండ్లలో పెక్కింటి కథ యిదియే. ఇచ్చట మధ్యాహ్నపు టెండలో కొలిచి నింపిన టైరుగాలి అచ్చటి వేకువకు తగ్గి కనబడును. రేడియేటరులో ఉత్తనీరు పోసికొని తిరుగు పాతబండి కొండలకు పోరాదు. గడ్డకట్టిన నీరు వ్యాకోచించి ఇంజనునే పగులగొట్టును. అన్నిటికంటె ఉపేక్షకు గుఱియగునది ఎయిర్ ట్యాంకు. కంప్రెసరు పీల్చిన గాలిలోని తేమ చల్లబడి ట్యాంకు అడుగున నీరుగా నిలుచును. ప్రతిదినము వాల్వు తిప్పి ఆ నీటిని వదలనిచో, సున్న డిగ్రీలకు దిగువన అది గొట్టములలోను వాల్వులలోను గడ్డకట్టి, కాలు పెడల్ త్రొక్కినను బ్రేకు పట్టకుండునట్లు చేయును. అర నిమిషపు పని. ప్రాణము మీది పని.

డీజిల్ విషయము మన డ్రైవర్లలో అనుభవజ్ఞులకే తెలియును. అందలి మైనము చలికి పేరుకొని మొదట ఫిల్టరును, పిదప గొట్టములను మూసివేయును. మన దేశపు ప్రమాణములలో వేసవి డీజిలునకును శీతకాలపు డీజిలునకును పారుదల హద్దులు వేఱుగా నుండుటకు కారణమిదియే. లడఖ్ ప్రాంతపు చలికి సామాన్యపు డీజిల్ ఏదియు చాలక, 2019లో ఇండియన్ ఆయిల్ సంస్థ మైనస్ 33 డిగ్రీల వఱకును పారెడి ప్రత్యేకపు డీజిలును అచ్చటికి తెచ్చినది. పొగను శుద్ధిచేయుటకై బండిలో పోయునదియు, డ్రైవర్లు యూరియా యని పిలుచునదియునగు ద్రవము సైతము మైనస్ 11 డిగ్రీలయొద్ద గడ్డకట్టును. సేబుల లోడునకై కాశ్మీరమునకు పోవువారు బనిహాల్ ఎక్కకమునుపే క్రొత్త ఫిల్టరు వేసికొని, ఆ ప్రాంతమున అమ్ము డీజిలునే నింపుకొనుట మేలు.

క్యాబినులో నిదురించు మనుష్యునికి దళసరి కంబళి, ఉన్ని టోపీ, చేతితొడుగులు ఇచ్చుట యజమాని విధి, దానధర్మము కాదు. అవి లేనివాడు కిటికీలు బిగించుకొని పొయ్యి వెలిగించుకొనును. మూసిన క్యాబినులో నిప్పునుండి పుట్టు కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిదురించినవానిని అది మేల్కొననీయదు.

ఇక పొగమంచు. నిర్మలాకాశమును, నిశ్చలమైన గాలియు గల రాత్రి భూమి తన వేడిమిని కోల్పోగా, నేలనంటిన తేమ కణములుగా మాఱి, సూర్యోదయ సమయమున మిక్కిలి దట్టమగును. దృష్టి 50 మీటర్లకు లోబడినప్పుడు వాతావరణ శాఖవారు దానిని అతిదట్టమైన మంచు అందురు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనునకు సుమారు 17 మీటర్లు గడచును. అనగా డ్రైవరు చేతిలో నున్నవి మూడు సెకన్లు. ఎదుటిదానిని గుర్తించి కాలు బ్రేకుపై మోపుసరికి ఒక సెకను గతించును. తక్కిన రెండింటిలో నిండు లోడుతోనున్న లారీ నిలుచునని ఆశింపరాదు. హైబీమ్ వేసినచో వెలుగు మంచుకు తగిలి మరల కంటికే కొట్టును. దీపమును క్రిందికి దించి, వేగము తగ్గించి, నిలుపదగిన మొదటి చోటనే నిలుపవలెను.

నిలుపుట యెట్లు? "యాడికొచ్చినవ్?" అని గంటగంటకు ఫోను మ్రోగుచుండగా, ఆలస్యమునకు కిరాయిలో కోత పడునని యెఱిగిన మనుష్యుడు నిలుపలేడు. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లుండవలెనను నియమము 2018లో సడలింపబడిన పిమ్మట, ఒంటరిగా పోవువానికి ప్రక్కనుండి హెచ్చరించు కన్ను కూడ లేదు. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టమైనను దినమునకు ఎనిమిది గంటల పనియనియే చెప్పియుండెను.

ఇంతకంటె గొప్ప న్యాయము మన కన్నుల యెదుటనే, సికింద్రాబాదు స్టేషనులో కలదు. శీతకాలమున ఢిల్లీనుండి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ గంటలకొలది ఆలస్యముగా వచ్చినను, లోకో పైలట్ జీతములో కోత విధింపుడని ఏ ప్రయాణికుడును అడుగడు. పట్టాలపై పోవు ఆ బండికి సిగ్నళ్లు గలవు, రాబోవు సిగ్నలును ముందే తెలుపు ఫాగ్ సేఫ్ పరికరము గలదు, పట్టాలపై పటాసులు పెట్టి హెచ్చరించు మనుష్యులు గలరు. అయినను అది మెల్లగా పోవుటయే ధర్మమని మనమందఱము అంగీకరించుచున్నాము. ఇవేవియు లేని లారీని మాత్రము వేళకు రమ్మనుట యే నీతి? మోండా మార్కెట్టులో మనము బేరమాడి కొను ఆగ్రా ఆలుగడ్డ ఒకపూట ఆలస్యముగా వచ్చిన ఏ యింటను పొయ్యి ఆఱిపోదు.

నిలుపుటకు అనుమతి యిచ్చితిమని రోడ్డుమీదనే నిలిపివేయుట మాత్రము ఘోరాపరాధము. మంచులో మార్గమధ్యమున దీపములార్పి నిలిపిన లారీ వెనుక వచ్చువారికి మృత్యువే. మోటారు వాహనముల చట్టము దానిని నిషేధించినది. లే-బై గాని, డాబా ఆవరణ గాని, పెట్రోలు బంకు గాని చేరి నిలుపవలెను. విధి లేక అంచున నిలుపవలసి వచ్చినచో హజార్డ్ లైట్లు వేసి, ఎఱ్ఱ త్రికోణమును వెనుక దూరముగా నుంచవలెను. బయలుదేఱకముందే వెనుక దీపములమీది బురద తుడిచి, వానిపై వ్రేలాడు టార్పాలిన్ అంచును బిగించి, ముందు తెల్లని, వెనుక ఎఱ్ఱని రిఫ్లెక్టర్ టేపు చెదరినచోట క్రొత్తది అంటింపవలెను. రాణిగంజులో దొరకని వస్తువు ఇందులో ఒక్కటియు లేదు.

కావున బుకింగ్ కార్యాలయములవారికి నాదొక ప్రార్థన. ఈ శీతకాలమున వ్రాయు ప్రతి బిల్టీపైన, దట్టమైన మంచువలన బండి నిలిచిన కాలము ఆలస్యముగా లెక్కింపబడదనియు, అందులకు కిరాయి కోత యుండదనియు ఒక్క పంక్తి చేర్చి, దానిక్రింద సరకు పంపువారి సంతకమును తీసికొనుడు.