ముందు బ్రేకు, పిట్టగోడ



ఈ నెల మా పాత బండికి ముందు డిస్కు బ్రేకు వేయించాం. "అయ్యగారు ఈ వయసులో బండికి సోకులు చేయిస్తున్నారు" అని ఒకరిద్దరు నవ్వుకున్నట్టు మా చెవిన పడింది. నవ్వినందుకు బాధ లేదు. అయితే ఇది సోకు కాదు, బండి ఉన్న ప్రతి ఒక్కరమూ ఆలోచించవలసిన సంగతి. అది చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

గత సార్వా కోతల రోజుల్లో ఒక బుధవారం రాత్రి, గృహ కూడిక ముగించుకొని, అమ్మగారిని వెనుక కూర్చోబెట్టుకొని కాలువ గట్టు మీదుగా రాజోలు వైపు వస్తున్నాం. అప్పుడే వాన వెలిసింది. సగం రోడ్డు మీద ధాన్యం, దానిపై బరకాలు, బరకాల అంచున రాళ్లు. ఒక మామ్మ బరకం సర్దడానికి అడ్డంగా వచ్చింది. ముందు బ్రేకు నొక్కితే లివరు హ్యాండిల్‌కు ఆనింది గాని బండి ఆగలేదు. కంగారులో కాలి బ్రేకు గట్టిగా తొక్కాం. వెనుక చక్రం జారి బండి అడ్డం తిరిగింది. మామ్మ పక్కకు పడి మోకాలు గీసుకుపోయింది.

లేపి కూర్చోబెడితే, "పర్లేదు అయ్యగారూ, దేవుడు కాపాడాడు" అంది. ఆమేన్ అనడానికి మాకు నోరు రాలేదు. ఆ లివరు వదులైన సంగతి మాకు ఆరు నెలలుగా తెలుసు. బయలుదేరిన ప్రతిసారీ ప్రార్థన చేశాం, మెకానిక్ దగ్గరకు మాత్రం వెళ్లలేదు. మరునాడు ఆమె ఇంటికి వెళ్లి, ఉన్నది ఉన్నట్టు చెప్పి క్షమాపణ అడిగాం.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం 8వ వచనం తీసి చూడండి. కొత్త ఇల్లు కట్టినవాడు పైన చుట్టూ పిట్టగోడ కట్టాలనీ, కట్టకపోతే అక్కడ నుంచి ఎవరైనా పడినప్పుడు ఆ దోషం ఇంటి మీదికి వస్తుందనీ ధర్మశాస్త్రం చెబుతుంది. పిట్టగోడ కట్టేది ఇంటికి అందం రావాలని కాదు, మేడ ఎక్కినవాడు పడకూడదని. బ్రేకూ అంతే. దూతలు పట్టుకుంటారు, దూకు అని దేవాలయ శిఖరం మీద అన్నది ఎవరో మనకు తెలుసు. ప్రభువు దూకలేదు. బ్రేకు లేని బండి మీద "దేవుడే చూసుకుంటాడు" అని బయలుదేరడం విశ్వాసం కాదని మా అభిప్రాయం.

"ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతాం" అని మనలో చాలామందికి భయం. పడవ గట్టుకు తగిలినప్పుడు అందరం ముందుకు తూలుతాం కదా? బ్రేకు వేసినప్పుడు బండి బరువు కూడా అలాగే ముందుకు వస్తుంది. వెనుక చక్రం తేలికపడి జారుతుంది, ముందు చక్రం నేలను గట్టిగా పట్టుకుంటుంది. అందుకే బండిని ఆపడంలో ఎక్కువ పాలు ముందు బ్రేకుదే. అయితే ఠక్కున పిండకూడదు. బండి నిటారుగా ఉండగా రెండు బ్రేకులూ కలిపి, మెల్లగా బిగించాలి. ధాన్యం, ఇసుక కనబడితే ముందే నెమ్మదించాలి. 2019 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లకు 125 సి.సి. వరకు రెండు బ్రేకులూ కలిసి పడే ఏర్పాటు గాని ఏ.బి.ఎస్. గాని ఉండాలనీ, ఆ పైన ఏ.బి.ఎస్. తప్పనిసరి అనీ నియమం వచ్చింది. మా 2007 నాటి గ్లామర్‌కు ఆ సాయం లేదు.

మెకానిక్ తమ్ముడు డ్రమ్ము విప్పి చూపించాడు. షూలు అరిగిపోయాయి, కేబులు సాగిపోయింది. "ఇవి మారిస్తే చాలామందికి చాలు అయ్యగారూ" అన్నాడు. నిజమే, మీరూ మొదట అదే చేయించండి. మాది రోజూ ఇద్దరం, రాత్రుళ్లు, వానలో తిరిగే బండి. నీళ్లు చేరిన డ్రమ్ము ఆలస్యంగా పట్టుకుంటుంది, డిస్కు నీటిని త్వరగా విదిలించుకుంటుంది. అందుకే డిస్కుకు వెళ్లాం. ఏదో బండి ముక్కలు తెచ్చి అతికించలేదు. అదే మోడల్ డిస్కు రకానికి వచ్చే ఫోర్కు, హబ్బు, కాలిపర్, మాస్టర్ సిలిండర్ పూర్తిగా వేయించాం. బండిని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు గనుక, మీరు వేయించేముందు ఆర్.టి.ఓ. కార్యాలయంలోనూ బీమా వారినీ అడగండి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. మన కోనసీమలో తేమకు కొదవేముంది? రెండేళ్లకోసారి మార్పించండి.

ఈ డబ్బు మేము కొత్త స్పీకరు కొందామని దాచుకున్నది. మా మాట నాలుగు వీధుల అవతలికి వినబడకపోయినా పర్లేదు, మా బండి మనిషికి నాలుగు అడుగుల ఇవతల ఆగాలి.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక మందిరం ముందు ఒక పని చేద్దాం. ఎవరి బండి వారు ముందు లివరు నొక్కి పట్టుకొని ముందుకు తోసి చూడండి. చక్రం తిరిగితే సోమవారం మెకానిక్ దగ్గరకు వెళ్లండి. ప్రార్థన మానవద్దు, ప్రార్థన చేసిన చేత్తోనే బండి కూడా బాగు చేయించుకుందాం.

ప్రభువు మీ రాకపోకలయందు మిమ్మును కాపాడును గాక. ఆమేన్.