కిడ్నీ మార్చినా తీరని గండం

ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు గురించి ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో డయాలిసిస్ అన్న మాట చిన్నపిల్లలకు కూడా తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభం కావడం సంతోషించదగినదే. కాని కిడ్నీ మార్పిడి చేయించుకుని ఇల్లు చేరిన వారి ఇబ్బందులు అంతగా చర్చకు రాకపోవడం శోచనీయం.

కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా వీరు టాక్రోలిమస్, ప్రెడ్నిసొలోన్ వంటి మందులు వాడుతూనే ఉండాలి. ఆ మందులు రోగనిరోధక శక్తిని అణచి ఉంచుతాయి. మట్టిలో, పుచ్చిన కట్టెలో, ముళ్ల మీద ఉండే కొన్ని నల్ల బూజులు సాధారణంగా ఆరోగ్యవంతుల జోలికి రావు. మార్పిడి రోగి కాలిలో ముల్లు దిగితే మాత్రం దానితోపాటు లోపలికి చేరి, నెలల తర్వాత గడ్డగా తేలవచ్చు. తరచు నొప్పి ఉండదు, జ్వరం రాదు. అందుచేత జీడితోటలో పనిచేసే మనిషి దాన్ని లెక్కచేయడు. ఊళ్లోని ఆర్.ఎం.పి. చీముగడ్డ అనుకుని యాంటీబయాటిక్ ఇస్తాడు. బూజుపై అది పనిచేయదు. 2021లో కోవిడ్ వేళ జనాన్ని వణికించిన 'బ్లాక్ ఫంగస్' వేరు, ఇది వేరు. అది రోజుల్లో పాకుతుంది. ఇది అరుదు, నిదానం కూడా. అశ్రద్ధ చేస్తే ఇదీ లోపలి అవయవాలకు పాకవచ్చు.

పరీక్షకు లక్షల ఖరీదు యంత్రాలు కావాలా అంటే, అదీ లేదు. గడ్డలోని చీమును పొటాషియం హైడ్రాక్సైడ్ బొట్టులో కలిపి మైక్రోస్కోపు కింద చూస్తే బూజు పోగులు కనిపిస్తాయి. ఏ జాతిదో తేల్చడానికి కల్చర్ చేయాలి. విచారకరమేమంటే, కోసి తీసిన ముక్కనంతా ఫార్మలిన్‌లో వేస్తే ఇక కల్చర్‌కు పనికిరాదు. కొంత భాగాన్ని సెలైన్‌లో ఉంచి పంపాలన్న సంగతి ఆపరేషన్ గదిలో ఉన్న వారికి గుర్తుండాలి.

అసలు చిక్కు మందుల దగ్గర ఉంది. ఇట్రాకొనజోల్, వొరికొనజోల్ వంటివి వాడితే రక్తంలో టాక్రోలిమస్ పెరిగిపోయి, మార్చిన కిడ్నీకే చేటు తెస్తుంది. మోతాదు తగ్గించాలి, రక్తంలో దాని పాళ్లు చూస్తుండాలి. బూజు మందు ఆపగానే మోతాదు మళ్లీ సరిచేయకపోతే శరీరం కిడ్నీని తిరస్కరించే ప్రమాదముంది. పాత రకం ఆంఫోటెరిసిన్ సూదిమందు కిడ్నీని దెబ్బతీస్తుంది. హాని తక్కువైన లైపోసోమల్ రకం ధర పేదలకు అందేది కాదు.

జిల్లా వైద్యాధికారులు ఇప్పుడైనా ఈ విషయంపై దృష్టి పెట్టాలి. ప్రభుత్వాసుపత్రుల లేబొరేటరీలలో బూజు పరీక్ష తప్పక జరిగేలా చూడాలి. మార్పిడి రోగులందరికీ తెలుగులో ఒక కార్డు ఇవ్వాలి. ఏ గడ్డ లేచినా ఎక్కడికి వెళ్లాలో, టాక్రోలిమస్ పరీక్ష ఎక్కడ చేస్తారో, కిడ్నీ డాక్టరును అడగకుండా ఏ మందులు ముట్టకూడదో అందులో ఉండాలి. చెప్పులు లేకుండా తోటలోకి దిగవద్దన్న మాట కూడా పెద్ద అక్షరాలతో అచ్చువేయాలి.